యుద్ధవిమానాల హిసాబ్ అడిగితే వఫాదారీ తగ్గుతుందా?

మన ఇళ్లలో ఒక రివాజు ఉంది. టీవీలో రాఫేల్, తేజస్ అనే మాట వినపడగానే పెద్దవాళ్లు రిమోట్ అందుకుంటారు. పిల్లాడు "అబ్బా, ఒక్క విమానానికి అన్ని కోట్లా?" అని అడిగితే "ఖామోష్ బేటా, బయట ఎవరైనా వింటారు" అంటారు. కాశీబుగ్గలో కిరాణా కొట్టు నడిపే భాయ్ అయినా, టెక్కలిలో మిషన్ కుట్టుకునే చాచా అయినా ఖౌఫ్ ఒకటే. జిల్లాలో మనం పిడికెడు మందిమి. పాకిస్తాన్ పేరు వచ్చే ఏ చర్చలోనూ నోరు విప్పకపోవడమే అఖల్‌మందీ అనుకుంటాం. నేను ఒప్పుకోను. ఈ ఖామోషీ వఫాదారీ కాదు. అలవాటు, అంతే. చెడ్డ అలవాటు.

ముందు అసలు సంగతి చూద్దాం. మన వాయుసేనకు మంజూరైన ఫైటర్ స్క్వాడ్రన్లు 42. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో చివరి మిగ్-21లకు వీడ్కోలు చెప్పాక మిగిలినవి 29. ఆ మిగ్-21లు వచ్చింది 1963లో. మా అబ్బాజాన్ తరం నాటి యంత్రాలను మన పిల్లల వయసు పైలట్లు నడిపారు. 2012లో రక్షణమంత్రి ఆంటోనీ పార్లమెంటులో చెప్పిన లెక్క వినండి: కొన్న 872 మిగ్‌లలో సగానికి పైగా కూలిపోయాయి, 171 మంది పైలట్లు, 39 మంది మామూలు జనం చనిపోయారు. ఆ తర్వాతా ఆగలేదు. 2023 మేలో రాజస్థాన్ హనుమాన్‌గఢ్ దగ్గర ఒక మిగ్-21 ఇంటి మీద పడి ముగ్గురు ఆడవాళ్లు పోయారు. యుద్ధం లేదు, దుష్మన్ లేడు.

కొత్త విమానాలు కావాలా అన్నది ఇక సవాలే కాదు. కావాలి. ఎందుకు రాలేదు అన్నదే సవాల్. తేజస్ ప్రాజెక్టు 1983లో మంజూరైంది. మొదటిసారి గాల్లోకి లేచింది 2001 జనవరిలో. మొదటి స్క్వాడ్రన్ ఏర్పడింది 2016లో. 126 విదేశీ విమానాలకు 2007లో టెండర్ పిలిచారు, 2012లో రాఫేల్‌ను ఎంచుకున్నారు, 2015లో ఆ బేరం పక్కనపెట్టి 36 చాలన్నారు. ఒక సర్కార్ మొదలుపెట్టింది, ఇంకో సర్కార్ మార్చింది. రెండూ జవాబ్ ఇవ్వాలి. 2021 ఫిబ్రవరిలో 83 తేజస్ మార్క్-1ఎ విమానాలకు హెచ్‌ఏఎల్‌తో ఒప్పందం అయింది. మొదటిది 2024 మార్చికల్లా రావాలి. మిగ్-21 వీడ్కోలు రోజుకి ఒక్కటీ వాయుసేన చేతికి రాలేదు. అమెరికా జీఈ కంపెనీ ఇంజిన్లు ఆలస్యమయ్యాయన్నారు, అది నిజమే. కానీ ఒక్క ప్రాజెక్టూ చెప్పిన టైముకు పూర్తికాలేదని 2025 మేలో స్వయంగా వాయుసేనాధిపతి ఏ.పీ. సింగ్ సభలో అన్నాడు. ఆయన అంటే అది దేశభక్తి. అదే మాట మన పిల్లాడు అంటే?

ఇక మనవాళ్ల దలీల్ ఒకటి ఉంది, దానితోనూ నాకు పేచీయే. "ఒక్క రాఫేల్ ధర పెడితే ఉద్దానం మొత్తానికి మంచినీళ్లు రెండుసార్లు ఇవ్వచ్చు" అంటారు. వినడానికి బాగుంటుంది. 36 విమానాలకు సుమారు 59 వేల కోట్లు, ఉద్దానం మంచినీటి పథకానికి సుమారు 700 కోట్లు. భాగిస్తే లెక్క కుదిరినట్టే ఉంటుంది. కానీ కచ్చా హిసాబ్ ఇది. ఆ 59 వేల కోట్లలో క్షిపణులు, విడిభాగాలు, శిక్షణ అన్నీ ఉన్నాయి. పైగా ఆ పైసలు ఢిల్లీవి, నీటి పథకం రాష్ట్రానిది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, ఆ నీటి పథకం 2023 డిసెంబర్‌లో గానీ మొదలవలేదంటే, అంతకుముందు ఏళ్ల తరబడి జనం కిడ్నీలు పోగొట్టుకున్నారంటే, అడ్డుపడింది రాఫేల్ కాదు. రాఫేల్ పేరు చెబితే మన గల్లీ నాయకులు తప్పించుకుంటారు.

"యుద్ధం మనకు దూరం, మనకెందుకు" అనే బడే మియాలకు ఒక మాట. 2018 నవంబర్‌లో గుజరాత్ వేరావల్ నుంచి వేటకెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్లో ఎక్కువమంది మన జిల్లావాళ్లే. 2019 ఫిబ్రవరిలో రెండు ముల్కుల విమానాలు తలపడినప్పుడు వాళ్లు కరాచీ జైల్లో ఉన్నారు. 2020 జనవరిలో 20 మంది వాఘా దాటేదాకా ఇక్కడి తీరంలో వాళ్ల ఇళ్లలో నిద్ర లేదు. అదే ఫిబ్రవరి 27న బడ్గాంలో మన క్షిపణే మన హెలికాప్టర్‌ను కూల్చింది. ఆరుగురు వాయుసైనికులు, కింద ఉన్న ఒక కశ్మీరీ పౌరుడు షహీద్ అయ్యారు. అది పెద్ద తప్పు అని తర్వాత వాయుసేనాధిపతే ఒప్పుకున్నాడు. ఫౌజ్ తప్పు ఒప్పుకోగలిగితే, మనం సవాల్ అడగడానికి ఇంత జంకెందుకు?

ఇలాంటప్పుడు మనవాళ్లు ఇద్రీస్ హసన్ లతీఫ్ సాబ్ ఫోటో షేర్ చేస్తారు. హైదరాబాద్ బిడ్డ, తక్సీం సమయంలో పాకిస్తాన్ వెళ్లకుండా ఇక్కడే ఉన్నాడు, 1978 నుంచి 1981 వరకు వాయుసేనాధిపతి. ఫఖ్ర్ ఉండాల్సిందే. కానీ ఆ ఫోటోను వఫాదారీ సర్టిఫికెట్‌లా జేబులోంచి తీయడం నాకు నచ్చదు. ఆయన చేసిన పని గుర్తుంచుకోండి. ఏళ్ల తరబడి మూలనపడ్డ జాగ్వార్ ఫైలును సర్కార్‌తో వాదించి ముందుకు నడిపించాడు. తలూపి కూర్చోలేదు. ఆ జాగ్వార్లు నేటికీ ఎగురుతున్నాయి, అదే దర్ద్. 2025లోనే మార్చి, ఏప్రిల్, జూలైలలో మూడు కూలాయి.

హజ్రత్ ఉమర్ (రజి) రివాయత్ మన మదరసా పిల్లలకూ తెలుసు. అందరికీ ఒక్కో గుడ్డే వాటా వస్తే నీ కుర్తా ఎలా కుదిరింది అని ఒక మామూలు మనిషి మింబర్ ముందే నిలదీశాడు. కొడుకు లేచి నా వాటా ఇచ్చానని గవాహీ చెప్పాకే జనం విన్నారు. ఖలీఫాను గుడ్డముక్క గురించి అడగగలిగిన ఉమ్మత్ మనది. ఇక్కడ? 2019 ఫిబ్రవరిలో రాఫేల్ మీద కాగ్ రిపోర్టు వచ్చింది, పాత బేరం కంటే 2.86 శాతం చవక అంది, ధరల అంకెలు మాత్రం కప్పేసింది. బైతుల్‌మాల్ పైసలకు ఇదా హిసాబ్?

ఫౌజ్ రహస్యాలు అడగమని నేను అనడం లేదు. ఏ విమానం ఎప్పుడు వస్తుందన్నారు, ఎప్పుడు వచ్చింది, ఆలస్యానికి ఎవరు జుర్మానా కట్టారు, ఇంతే. రక్షణ శాఖ స్థాయీ సంఘం రిపోర్టులు పార్లమెంటు వెబ్‌సైట్‌లో ఉంటాయి. కాలేజీలో చదివే పిల్లలుంటే వాళ్లచేత చదివించండి, తెలుగులో చెప్పించండి. మన ఎంపీ రామ్మోహన్ నాయుడు కేంద్రంలో విమానయాన మంత్రి. పలాస దగ్గర విమానాశ్రయానికి జీడి, కొబ్బరి తోటల భూమి అడుగుతుంటే మందస, వజ్రపుకొత్తూరు రైతులు ఎదురు నిలిచి అడుగుతున్నారు కదా. వాళ్లను ఎవరూ దేశం విడిచి పొమ్మనలేదు. ఈసారి ఎంపీ టెక్కలి వచ్చినప్పుడు మైకు అందితే, ఈ హిసాబ్ కూడా అడగండి.