ఆగడం నేర్పే బడి

"స్పోర్ట్సు కార్ల డ్రైవింగు స్కూలు" అనగానే మనవాళ్ల నోట రెండు రకాల మాటలు వినబడతాయి. "అదంతా డబ్బున్నోళ్ల సరదా, జీడితోటల మీద బతికేవాళ్లకి మనకేల?" అన్నది మొదటిది. "రెండొందల స్పీడులో కొట్టడం నేర్పుతారట గదా!" అన్నది రెండోది. మొదటిది మా ఊరి పెద్దలది, రెండోది మా హాస్టలు మిత్రులది. రెండూ ఆ బడిని దూరం నుంచి చూసి అన్న మాటలేనని నా అభిప్రాయం. నేను పలాసకు దిగువన ఉద్దానం పల్లెవాణ్ణి. వచ్చే సెలవుల్లో కోయంబత్తూరులో అటువంటి శిక్షణకు వెళ్లడానికి సిద్ధపడుతున్నాను. ఆ చనువుతో ఈ సంచికలో నాలుగు మాటలు రాస్తున్నాను.

కోయంబత్తూరే ఎందుకని అడగవచ్చు. మన దేశంలో కారు పందేలకు ఆ ఊరు పుట్టిల్లు వంటిది. అక్కడి లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన కరివర్ధన్, మారుతి 800 ఇంజనుతో ‘ఫార్ములా మారుతి’ అనే చిన్న రేసు కారును తయారు చేసి, సామాన్యులకు కాస్త అందుబాటులోకి తెచ్చాడు. 1995లో విమాన ప్రమాదంలో ఆయన మరణించాడు. ఆయన పేరుతోనే నేడు ఆ ఊళ్లో ‘కరి మోటార్ స్పీడ్‌వే’ నడుస్తున్నది. ఆ ఊరి కుర్రవాడే నారాయణ్ కార్తికేయన్. 1992లో ఫ్రాన్సులోని విన్‌ఫీల్డ్ రేసింగు స్కూల్లో చదివి, తిరిగి వచ్చి ఫార్ములా మారుతి నడిపి, 2005లో ఫార్ములా వన్ పోటీలో దిగిన తొలి భారతీయుడయ్యాడు. అంటే గెలవడానికి ముందు అతడూ బడికి వెళ్లినవాడే.

ఇక ఈ బళ్లు ఎలా పుట్టాయో చూడండి. అమెరికాలో బాబ్ బాండ్యురంట్ అనే పేరున్న రేసు డ్రైవరు ఉండేవాడు. 1967లో పోటీలో ఉండగా అతని కారు స్టీరింగు భాగం విరిగి ఘోర ప్రమాదం జరిగింది. మంచం పట్టిన ఆ రోజుల్లో తన విద్యను నలుగురికీ నేర్పాలన్న ఆలోచన వచ్చి, 1968లో ‘హై పెర్ఫార్మెన్సు డ్రైవింగు’ స్కూలు ప్రారంభించాడు. వేగం మీద మోజుతో కాదు, ఎముకలు విరిగిన అనుభవంతో పుట్టిన బడి అది. ఈ సంగతి మన మిత్రులు మరువరాదు.

అటువంటి బడుల్లో మొదటి పాఠం ఏమిటి? యాక్సిలరేటరు కాదు. కూర్చోవడం! వీపు సీటుకు ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగు పైఅంచుకు తగలాలి. బ్రేకు పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. రెండో పాఠం చూడడం. బండి ముక్కు ముందున్న రోడ్డును కాదు, మలుపు ఎక్కడ తెరుచుకుంటున్నదో అక్కడ చూడాలి. కన్ను ఎటు పోతే చెయ్యి అటు పోతుంది. మూడో పాఠం బ్రేకు. ఉన్న బలమంతా పెట్టి, బండి తిన్నగా ఉండగానే, మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి.

ఎందుకంటే కారుకు రోడ్డుతో ఉన్న చుట్టరికమంతా నాలుగు టైర్ల దగ్గర నాలుగు అరచేతులంత మేర మాత్రమే. టైరు పట్టు నెల జీతం వంటిది. అంతా బ్రేకుకే ఖర్చుపెడితే మలుపు తిరగడానికి మిగలదు. అంతా మలుపుకే పెడితే బ్రేకుకు ఉండదు. ఈ లెక్క తెలియనివాడికి ఎంత ఖరీదైన కారు ఇచ్చినా ప్రయోజనం సున్న.

కాబట్టి నా తయారీలో సగం కాగితం మీదే జరుగుతోంది. మన ఫిజిక్సు మాస్టర్లు సంతోషించాలి. గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 10 మీటర్లు. 108 అంటే 30 మీటర్లు. పొడి తారురోడ్డు మీద మంచి బ్రేకులు ప్రతి సెకనుకూ 7 మీటర్ల చొప్పున వేగాన్ని తగ్గిస్తాయనుకుందాం. 36లో పోయేవాడు బ్రేకు తొక్కాక సుమారు 7 మీటర్లలో ఆగుతాడు. 108లో పోయేవాడికి 64 మీటర్లు కావాలి. వేగం మూడింతలు, దూరం తొమ్మిదింతలు! కన్ను చూసి కాలు కదిలేసరికి ఒక సెకను పోతుంది గనుక మరో 30 మీటర్లు కలపండి. మొత్తం 94 మీటర్లు. రోడ్డు మీద ఇసుక పరుచుకున్నా, వడ్లు ఆరబోసినా ఈ లెక్క ఇంకా పెరుగుతుంది. మన ఉద్దానం రోడ్ల మీద కొబ్బరితోటల మధ్య మలుపులో 94 మీటర్ల ముందుకు కనబడే చోట్లు ఎన్ని ఉన్నాయో మీరే చెప్పండి.

తయారీలో మిగతా సగం రోడ్డు మీద, అదీ బస్సులో! బ్రిటన్‌లో పోలీసు డ్రైవర్లకు ఒక అభ్యాసం ఉంది. బండి నడుపుతూ కంటికి కనబడే ప్రతి ప్రమాదాన్నీ పైకి చెబుతూ పోవాలి. నేను పలాస నుంచి టెక్కలి దాకా ఆర్టీసీ బస్సులో ముందు సీట్లో కూర్చుని ఆ పని చేస్తున్నాను. "ఎడమ పక్క సైకిలు, వెనక్కి చూడలేదు... డివైడరు సందులో ఆవు... ఆగిన లారీ వెనక నుంచి ఎవరో రావచ్చు..." ఒకరోజు పక్కన కూర్చున్న పెద్దమ్మ "ఏటి బావూ, మంత్రం సదువుతున్నావా?" అని అడిగింది. మంత్రమే అనుకోవాలి! ఇరవై రోజులు ఇలా చేసేసరికి, ముందు సీట్లోని మన ఆర్టీసీ డ్రైవరు ఇదంతా పైకి అనకుండానే ఏళ్లుగా చేస్తున్నాడని అర్థమయింది. నేను వెతుకుతున్న గురువు సగం ఇక్కడే దొరికాడు.

శరీరం సంగతీ ఉంది. మంటలకు కాలని మందపాటి దుస్తులు, నిండు హెల్మెట్టు వేసుకుని ఇంజను వేడిలో కూర్చునేవాడికి ఒళ్లంతా చెమటే. ఒంట్లో నీరు తగ్గితే ముందు దెబ్బ తినేది చూపూ, నిర్ణయమూ. పోటీ లైసెన్సు కావాలంటే డాక్టరు సర్టిఫికెట్టు తప్పనిసరి. ఉద్దానంవాడికి అది సంతకం పెట్టించుకునే కాగితం మాత్రమే కాదు. మా ఇళ్లలో కిడ్నీ జబ్బుతో పోయినవాళ్లు లేని వీధి లేదు. ఆ జబ్బుకు అసలు కారణం ఇదీ అని నేటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. రేసు కారు మాట అటుంచి, మా పక్క కుర్రవాళ్లు ఏడాదికొకసారి రక్తపరీక్ష చేయించుకోవాలన్నది నా మనవి.

ఇప్పుడు అసలు ఆక్షేపణకు వద్దాం. "వేగం నేర్పితే కుర్రాళ్లు ఇంకా రెచ్చిపోరా?" అని మా పెద్దల భయం. ఈ భయాన్ని నవ్వి తీసెయ్యడానికి లేదు. నార్వేలో జారుడు రోడ్ల మీద కారును అదుపు చేసే శిక్షణ పొందిన కుర్రవాళ్లకు అటువంటి రోడ్ల మీద ప్రమాదాలు తగ్గకపోగా పెరిగాయని 1980లలో పరిశోధకులు గమనించారు. విద్య కన్నా ధీమా ఎక్కువ పెరిగిందన్నమాట. కనుక బడిలో దేన్ని నేర్చుకోవాలన్నదే ప్రశ్న. జారిన బండిని తిప్పే గారడీ నేర్చుకుని వస్తే మా పెద్దల మాటే నిజమవుతుంది. నా హద్దు ఎక్కడుందో, ఎంత త్వరగా వచ్చేస్తుందో తెలుసుకుని వస్తే ఆ బడి సార్థకం. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఇ పోటీ జరిగినప్పుడు రోడ్డుకు ఇరువైపులా గోడలు పెట్టారు, జనాన్ని దూరంగా ఉంచారు, డాక్టర్లను సిద్ధంగా ఉంచారు. అంత కట్టుదిట్టం ఉంటేనే ఆ వేగం. మన జాతీయ రహదారి మీద ఆ గోడలేవీ? అక్కడ పందెం వేసుకోవడం 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం కూడాను.

ఆ రహదారే మన పల్లెలకు వీధి. ఇచ్ఛాపురం నుంచి టెక్కలి దాటే వరకూ జీడిగింజల బస్తాలు, బడిపిల్లలు, పశువులు దాన్ని దాటుకుంటూనే బతకాలి. మూలపేట దగ్గర ఓడరేవు పనులు 2023లో మొదలయ్యాయి. రేవు నడిస్తే లారీలు ఇంకా పెరుగుతాయి. ఆ రోడ్డు మీదికి మన కుర్రవాళ్లు హెల్మెట్టు మోచేతికి తగిలించుకుని ముగ్గురేసి మోటారు సైకిలెక్కి వెళుతున్నారు. వాళ్లలో ఎవరికీ పూర్తి బ్రేకు ఎలా ఉంటుందో ఒక్కసారైనా ఎవరూ చూపించలేదు. నేను కారు నేర్చుకున్న చోటా చూపించలేదు. గేరు మార్చడం, అద్దం చూడడం, లైసెన్సు పరీక్షకు కావలసింది చెప్పడం, అంతటితో సరి.

అందుచేత మన విద్యార్థి సంఘానికి ఒక ప్రతిపాదన చేస్తున్నాను. వార్షికోత్సవాల్లో ఒక పూట కేటాయించండి. ఆట మైదానంలో సున్నంతో గీతలు గీద్దాం. చిరకాలం ప్రమాదం లేకుండా బండి నడిపిన ఆర్టీసీ డ్రైవర్లను సన్మానించి, వాళ్లనే గురువులుగా కూర్చోబెడదాం. హెల్మెట్టు పెట్టుకున్న ప్రతి విద్యార్థీ తన బండి మీద 30 కిలోమీటర్ల వేగంలో వచ్చి, గీత దగ్గర బ్రేకు వేసి, ఎక్కడ ఆగాడో టేపుతో కొలుచుకోవాలి. ఫిజిక్సు శాఖవారు లెక్క చెప్పాలి. దీనికి స్పోర్ట్సు కారు అక్కరలేదు, కోయంబత్తూరు టిక్కెట్టూ అక్కరలేదు. కావలసింది సున్నం, టేపు, ఒక సాయంత్రం. నేను అక్కడ నేర్చుకున్నది ఆ సాయంత్రం మీ అందరి ముందూ పెడతాను. తేదీ ఖరారు చేయవలసింది సంఘంవారు.