రోబోను ముందు క్యాంపుకు తీసుకెళ్దాం

పిల్లల రోబోటిక్స్ సీజన్ ఎలా సాగుతుందో బహ్రెయిన్‌లోని తెలుగు తల్లిదండ్రులకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఎండాకాలం సెలవులకు ఊరెళ్లి తిరిగొచ్చేసరికి కొత్త థీమ్ వచ్చేసి ఉంటుంది. వాట్సాప్ గ్రూపు మొదలవుతుంది. ఎవరో ఒకరి హాల్లో సోఫాలు గోడకి జరిపి టేబుల్ వేస్తారు. ఇక మూడు నాలుగు నెలలు శుక్ర, శనివారాలు దానికే. పోటీ రెండు వారాల్లో ఉందనగా ఎవరికో గుర్తొస్తుంది, ‘అవుట్‌రీచ్ చెయ్యలేదు కదా’ అని. అప్పుడు హడావిడిగా నలుగురు చిన్నపిల్లల్ని పోగేసి, వాళ్ల ముందు రోబోను నడిపి, ఫొటో తీసి ప్రజెంటేషన్‌లో చివరి స్లైడుగా పెడతాం. తల్లిదండ్రుల తరఫున జట్టును చూసుకునే కోచ్‌గా నేనూ రెండేళ్లు ఇలాగే చేయించాను. మొదట చేయాల్సిన పనిని చివరికి నెడుతున్నామని ఈసారి అర్థమైంది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

తెలియనివారి కోసం కాస్త వివరంగా చెబుతాను. మా పిల్లలు ఆడేది ఫస్ట్ లెగో లీగ్. అమెరికాలో డీన్ కేమెన్ అనే ఆవిష్కర్త 1989లో స్థాపించిన ‘ఫస్ట్’ సంస్థ దీన్ని నడుపుతోంది. జట్టులో పది మంది దాకా ఉండొచ్చు. రోబో టేబుల్ మీద నిలిచేది రెండున్నర నిమిషాలే. పైగా మార్కుల్లో రోబో ఆట వాటా పావు వంతు మాత్రమే. రోబోను ఎలా రూపొందించారన్నది ఇంకో పావు, కలిసి ఎలా పనిచేశారన్నది మరో పావు. మిగిలిన పావు ఇన్నొవేషన్ ప్రాజెక్టుది. అంటే ఒక నిజమైన సమస్యను పట్టుకుని, పరిష్కారం ఆలోచించి, దాన్ని నలుగురికీ చూపించి, వాళ్లు చెప్పినదాన్ని బట్టి సరిచేసుకోవడం. అవుట్‌రీచ్ అసలు చోటు ఇక్కడ. అది దాతృత్వం కాదు, ఫొటో అంతకంటే కాదు. ఎదుటివాడి మాట విని మన పని మార్చుకోవడం.

మనం మాత్రం ఆ రెండున్నర నిమిషాల మీదే పడతాం. నా సంగతే చెబుతాను. రెండేళ్ల క్రితం పిల్లలు చేసిన రోబో చెయ్యి పదేపదే ఊడిపోతుంటే, వాళ్లు నిద్రపోయాక రాత్రి కూర్చుని నేనే విప్పి గట్టిగా బిగించాను. ఇంజినీరు బుద్ధి ఎక్కడికి పోతుంది? పొద్దున మావాడు చూసి ‘బాగుంది నాన్నా’ అన్నాడు గానీ, ఆ రోజంతా దాని జోలికి వెళ్లలేదు. ఆ ఆటలో ఒక నియమం ఉంది. టేబుల్ మధ్యలో నడుస్తున్న రోబోను చేత్తో ఆపితే ఒక టోకెన్ తీసేసుకుంటారు. అలాంటి నియమం తల్లిదండ్రులకూ ఉంటే నా టోకెన్లన్నీ ఆ రాత్రే అయిపోయేవి.

2025-26 సీజన్ థీమ్ ‘అన్‌అర్త్‌డ్’. పురావస్తు శాస్త్రం. తవ్వకాలు జరిపేవాళ్లకు ఎదురయ్యే ఒక సమస్యను పిల్లలు పరిష్కరించాలి. బహ్రెయిన్‌లో ఉండేవాళ్లకు ఇంతకంటే దగ్గరి విషయం ఏముంటుంది? నాలుగు వేల ఏళ్ల నాటి దిల్మున్ నాగరికత సమాధి దిబ్బలు ఆలీ పక్కన ఇళ్ల మధ్యే కనిపిస్తాయి. ఈ దిబ్బలు 21 చోట్ల కలిపి 11,774 ఉన్నాయని లెక్క. 2019లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఖలాత్ అల్ బహ్రెయిన్ కోట 2005లోనే ఆ జాబితాలోకెక్కింది. ఆ కాలంలో సింధు లోయ వర్తకులతో ఈ దీవికి రాకపోకలుండేవి. అక్కడి తూనికరాళ్ల కొలతే ఇక్కడా వాడారు. మనవాళ్లు ఈ దీవికి రావడం నిన్న మొన్నటి మాట కాదన్నమాట. అయితే రోడ్లు, ఇళ్లు పెరిగేకొద్దీ వేల దిబ్బలు చదునైపోయాయి.

మా ఎనిమిది మంది పిల్లలు నేషనల్ మ్యూజియం చూసొచ్చారు. ఇంటర్నెట్ అంతా వెతికారు. చివరికి డ్రోన్‌తో భూమిని స్కాన్ చేసి, కృత్రిమ మేధతో పాత వస్తువులను గుర్తించే యాప్ అని తేల్చారు. స్లైడ్లు అందంగా వచ్చాయి. ‘ఇది ఎవరికి కావాలి?’ అని ఒక తల్లి అడిగితే ఎనిమిది మందీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తవ్వే మనిషితో వాళ్లెవరూ మాట్లాడలేదు. నిజానికి ఈ దీవిలో భూమిని తవ్వే మనుషుల్లో మన తెలుగువాళ్లు ఎంతమంది! కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, గోదావరి జిల్లాలు, కడప నుంచి వచ్చి పునాదులు, పైపులైన్లు తవ్వుతున్నవాళ్లు మన ఇంటికి పావుగంట దూరంలోనే ఉన్నారు. ఉగాదికో, బతుకమ్మకో ఒకే హాల్లో భోజనం చేస్తాం. వాళ్ల వరుస వేరు, మన వరుస వేరు.

తెలిసినవారి ద్వారా ఒక క్యాంపు ఇన్‌చార్జి అనుమతి తీసుకుని, ఒక శుక్రవారం సాయంత్రం రోబోను అక్కడికి తీసుకెళ్లాం. భోజనాల గది బల్లలు రెండు కలిపి మ్యాట్ పరిచాం. ఇరవై మంది దాకా చుట్టూ చేరారు. మావాడు మొదలుపెట్టాడు: ‘ఈ సెన్సర్ లైన్‌ని డిటెక్ట్ చేసి, ఎర్రర్ ఎంతో క్యాల్‌క్యులేట్ చేసి...’ అందరూ మర్యాదగా తలూపారు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదని వాడికీ తెలిసిపోయింది. ఆగిపోయాడు. ఇంట్లో తెలుగే మాట్లాడతాడు. కానీ ‘అన్నం పెట్టు’, ‘రిమోట్ ఎక్కడ’ దాటి ఒక విషయాన్ని తెలుగులో వివరించాల్సిన అవసరం పదమూడేళ్లలో వాడికి రాలేదు. అప్పుడు జట్టులో చిన్న పిల్ల ముందుకొచ్చింది. ‘కింద నల్ల గీత ఉంది కదా అంకుల్, ఇది దాన్ని చూసుకుంటూ పోతుంది. గీత తప్పితే మళ్లీ గీత మీదికి వస్తుంది’ అంది.

‘అంటే ఎద్దు సాలు వట్టి పోయినట్టన్నమాట’ అన్నారొకరు. గది మొత్తం నవ్వింది. అక్కణ్నుంచి రోబో వాళ్లదైపోయింది.

వాళ్లలో ఒక జేసీబీ ఆపరేటర్ ఉన్నారు. జగిత్యాల జిల్లాలో కోటిలింగాల దగ్గరి మనిషి. శాతవాహనుల నాణేలు దొరికిన ఊరది. ‘మా తాత చెప్పేటోడు, వాన వడ్డ తెల్లారి చేన్ల పాత పైసలు తేలుతుండెనట’ అంటూ మొదలుపెట్టారు. పిల్లలు తమ డ్రోన్ సంగతి చెబితే ఓపిగ్గా విన్నారు. తర్వాత ఆయనన్న మాటలు నేను అప్పుడే రాసుకున్నాను. ‘బిడ్డా, మన్ను మారితే మాకు చెయ్యికే ఎరుకైతది. సప్పుడు మారుతది, రంగు మారుతది. కనిపెట్టుడు కష్టం కాదు. కనవడ్డంక ఆపాల్నా వద్దా, ఎవలకు చెప్పాలె? గది మాకెవలు చెప్తరు? ఆపితే సూపర్‌వైజర్ ఏమంటడో!’

ఇంటికి తిరిగొస్తుంటే కారులో ఎవరూ మాట్లాడలేదు. మర్నాడు పిల్లలే డ్రోన్ స్లైడ్లు తీసేశారు. దాని బదులు ఒక కార్డు తయారుచేశారు. జేసీబీ క్యాబిన్లో తగిలించుకునేది. ఆపు, తాకకు, ఫొటో తియ్యి, చెప్పు అని నాలుగు బొమ్మలు. పక్కనే తెలుగు, హిందీ, బెంగాలీ, అరబిక్ మాటలు. ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆ భాషలో వినిపిస్తుంది. మళ్లీ క్యాంపుకు తీసుకెళ్లారు. ఆపరేటర్ గారు తిప్పి చూసి, ఎండకు అక్షరాలు ఎగిరిపోతాయన్నారు. ఇదే కార్డు సూపర్‌వైజర్ దగ్గర కూడా ఉంటేనే తాము ధైర్యంగా బండి ఆపగలమన్నారు. రెండో కార్డు పుట్టింది. మూడోసారి వెళ్లినప్పుడు ఫోన్ నంబరు రాసుకునే చోటు చేరింది. ఏ అంకుల్ ఏం చెబితే ఏం మార్చారో పిల్లలు నోటుబుక్కులో తేదీలతో రాసుకున్నారు.

పోటీలో గెలిచారా అని అడుగుతారు. గెలవలేదు. ఒక రౌండులో రోబో మలుపు తిరగలేక గోడకి ఆనుకుని నిలబడిపోయింది. తర్వాతి దశకు వెళ్లలేదు. మావాడు ఏడ్చాడు కూడా. కానీ జడ్జీల గదిలో ‘ఈ పరిష్కారం గురించి ఎవరితో మాట్లాడారు?’ అన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఎనిమిది మందీ ఒకేసారి నోరు తెరిచారట. గత రెండేళ్లూ ఆ ప్రశ్నకు చివరి స్లైడు చూపించారు.

దీనికి అభ్యంతరాలు ఉన్నాయని తెలుసు. మా గ్రూపులోనే వచ్చాయి. ‘పదో తరగతి దగ్గరపడుతోంది, ఇంత టైమ్ ఎక్కడ?’ అన్నారు ఒకరు. మేం క్యాంపుకు వెళ్లింది మొత్తం మూడు సాయంత్రాలు. ఊడిపోయిన రోబో చెయ్యి మీద పిల్లలు అంతకు పదింతలు గడిపారు. ‘కాలేజీ అప్లికేషన్‌లో ట్రోఫీ కనిపిస్తుంది గానీ క్యాంపు కనిపించదు’ అన్నారు ఇంకొకరు. కనిపించకపోవచ్చు. కానీ ఒక మాట విని తన పని మార్చుకోవడం తెలిసిన పిల్లవాడు ఏ కాలేజీలోనైనా నిలబడతాడు. అది ట్రోఫీతో వస్తుందన్న భరోసా లేదు.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. ‘కార్మికుల్ని మన పిల్లల ప్రాజెక్టుకు వస్తువుగా వాడుకోవడం కాదా?’ అని ఒక మిత్రుడు సూటిగా అడిగాడు. ఒక్కసారి వెళ్లి, ఫొటో దిగి వచ్చేస్తే కచ్చితంగా అంతే. అందుకే మేం రెండు మాటలు అనుకున్నాం. వాళ్ల ఫొటోలు స్లైడుల్లో పెట్టకూడదు. పోటీ అయిపోయాక కూడా వెళ్లాలి. మా కిట్టు ఖరీదు వంద దినార్లకు పైమాటే. అది ఆ గదిలో చాలామందికి నెల జీతం. వాళ్లు మాకిచ్చిన సలహాకు మేం ఏమిస్తామన్నది మేం తేల్చుకోవాల్సిన లెక్క.

ఆ లెక్కకు దారి కూడా వాళ్ల దగ్గర్నుంచే వచ్చింది. మొదటి రోజే ఆపరేటర్ గారు వీడియో కాల్ చేసి ఊళ్లో ఉన్న కూతురికి రోబోను చూపించారు. ఏడో తరగతి. ఆ పిల్ల కాసేపు చూసి, ‘నాయినా, గది తనంతట తనే మలుగుతుందా, ఆ పోరగాడు ఫోన్ల నుంచి మలుపుతుండా?’ అని అడిగింది. జడ్జీలు అడిగినవాటిలో అంత మంచి ప్రశ్న లేదని మావాడే ఒప్పుకుంటాడు. ఇప్పుడు శుక్రవారం సాయంత్రాలు నాలుగింటికి, అంటే అక్కడ ఆరున్నరకి, మా పిల్లలు ఆ అమ్మాయితో, ఆమె స్నేహితురాళ్లతో ఫోన్‌లో కలుస్తున్నారు. కిట్టు లేకపోయినా బ్లాకులతో ప్రోగ్రామ్ రాయడం ఫోన్‌లోనే నేర్చుకోవచ్చు. పాఠం తెలుగులోనే. మావాడికి మాట దొరకనప్పుడు అటువైపు నుంచి అందిస్తున్నారు. గేర్‌ను ‘పళ్ల చక్రం’ అనొచ్చని వాడికి చెప్పింది ఆ పిల్లే.

మన సంఘాలు పిల్లల తెలుగు కోసం పద్యాల పోటీలు పెడతాయి, వారాంతపు బడులు నడుపుతాయి. అవి ఉండాల్సిందే. కానీ భాష నిలబడేది దానితో పని పడినప్పుడు. ఆ పని కల్పించే మనుషులు మన పక్కనే ఉన్నారు. దుబాయ్, దోహా, మస్కట్‌లలో ఉన్న మీకూ ఇది వర్తిస్తుంది. అమెరికా, ఆస్ట్రేలియాల్లో క్యాంపులు లేకపోవచ్చు. సమస్యను చేతుల్తో ఎరిగిన తెలుగు మనిషి ఒకరు ఎక్కడైనా ఉంటారు.

కాబట్టి వచ్చే సీజన్‌కు తల్లిదండ్రులను నేను కోరేది ఒక్కటే. ఆగస్టులో థీమ్ రాగానే కిట్టు విప్పకముందే, పాత రోబో పట్టుకుని మొదటి శుక్రవారం ఆ మనుషుల దగ్గరికి వెళ్లండి. పిల్లల్నే మాట్లాడనివ్వండి, తెలుగులోనే. తడబడితే మధ్యలో అందుకోకండి. నాకూ అది కష్టమే. మొన్న ఆ భోజనాల గదిలో మావాడు మాట దొరక్క ఆగిపోయినప్పుడు నా నోటి దాకా వచ్చింది. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాను.