విజిట్ వీసాపై గల్ఫ్‌లో ఇంటిపనికా? డబ్బు కట్టే ముందు ఇవి చూడండి

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు చుట్టుపక్కల ఊళ్ల నుంచి కువైట్, దుబాయ్, మస్కట్‌లకు ఇంటిపనికి వెళ్లే మహిళలు ఏళ్లుగా ఉన్నారు. ‘ముందు విజిట్ వీసాపై వెళ్లు, అక్కడికెళ్లాక మార్పిస్తాం’ అని బ్రోకర్ చెబితే నమ్మేసేవాళ్లూ ఉన్నారు. ఆ మాట నమ్మితే చట్టం ఇచ్చే రక్షణ దాదాపు పోయినట్టే. మీకు తెలిసినవారు ఎవరైనా ప్రయాణానికి సిద్ధమవుతుంటే, మీ ఫోన్‌లో ఈ వివరాలు చూసిపెట్టండి.

పాస్‌పోర్టులో ‘ఈసీఆర్’ ఉందా?

పదో తరగతి పాస్ కానివారికి సాధారణంగా ఈసీఆర్ పాస్‌పోర్టు ఇస్తారు. దానితో గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే 1983 నాటి వలస చట్టం ప్రకారం కేంద్రం అనుమతి తప్పనిసరి. ఇదంతా ఈమైగ్రేట్ పోర్టల్‌లో జరుగుతుంది. విజిట్ వీసాకు ఈ అనుమతి అక్కర్లేదు. బ్రోకర్లు వాడుకునేది దీన్నే. అలా వెళ్లినవారి యజమాని ఎవరో, జీతం ఎంతో మన ప్రభుత్వ రికార్డుల్లో ఉండదు.

మహిళలకు వేరే నిబంధనలున్నాయా?

ఉన్నాయి. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న మహిళకు 30 ఏళ్లు నిండాలి. ఇంటిపనికి ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి, ప్రైవేటు ఏజెంట్లకు అనుమతి లేదు. మన రాష్ట్రంలో ఆ సంస్థ ఓంక్యాప్.

ఎంత కట్టాలి?

ఇతర ఉద్యోగాలకు పంపే రిజిస్టర్డ్ ఏజెంట్ సేవా రుసుము కింద రూ.30 వేలు, దానిపై జీఎస్టీకి మించి తీసుకోకూడదు. రసీదు ఇవ్వాలి. ఏజెంట్ పేరు ఈమైగ్రేట్ జాబితాలో ఉందో లేదో ఎవరైనా చూడొచ్చు. పేరు లేకపోతే పాస్‌పోర్టు చేతికివ్వొద్దు. ఈసీఆర్ వారికి ప్రవాసీ భారతీయ బీమా కూడా తప్పనిసరి. రెండేళ్లకు రూ.275, మూడేళ్లకు రూ.375 కడితే, ప్రమాదంలో మరణించినా శాశ్వత వైకల్యం కలిగినా రూ.10 లక్షలు వస్తాయి.

కువైట్‌లో హక్కులేంటి?

మనవాళ్లు ‘ఖాదిం వీసా’ అనేది ఇంటిపనికి ఇచ్చే 20వ నంబరు వీసా. ‘షూన్’ అంటే కంపెనీ పనులకిచ్చే 18వ నంబరు. ఏది ఇస్తున్నారో ముందే అడగండి, రెండింటికీ చట్టాలు వేరు. ఇంటిపనివారి కోసం 2015లో తెచ్చిన 68వ చట్టం ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికో సెలవివ్వాలి, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. 2016లో కనీస జీతం నెలకు 60 దినార్లుగా నిర్ణయించారు.

ఇబ్బంది వస్తే?

ఇక్కడి కుటుంబసభ్యులు విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు, 1800 11 3090కి ఫోన్ చేయొచ్చు. అందుకే పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం కాపీలు, యజమాని చిరునామా బయలుదేరే ముందే ఇంట్లో ఒకరి ఫోన్‌లో ఉంచండి. ఫిర్యాదు చేసేటప్పుడు ముందుగా అడిగేవి ఆ వివరాలే.