యంత్రాలతో సహవాసం: పాత బండి, కొత్త అవయవాలు

గత సంచికలో పంపుల బేరింగుల ఆయుర్దాయాన్ని గూర్చి ముచ్చటించిన మీదట, "ఈ శీర్షికలో ఎప్పుడూ కర్మాగారపు సంగతులేనా? ఇంటి ముంగిట ఉన్న యంత్రాలను గూర్చి వ్రాయకూడదా?" అని పాఠకురాలొకరు ఆప్యాయంగా ఆక్షేపించారు. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. మా క్వార్టరు ముంగిట వేపచెట్టు నీడన 1979వ సంవత్సరపు ప్రీమియర్ పద్మిని ఒకటి ఉన్నది. 2001 నుంచి అది మాతోనే ఉన్నది. కాలనీ పిల్లలు దానిని "తాతగారి బండి" అంటారు. తాతగారన్నది కారునో, మమ్మల్నో ఇంతవరకు మాకు తేటపడలేదు.

కారును గూర్చి తెలియని చిన్నవారి కోసం నాలుగు మాటలు. ఇటలీ దేశపు ఫియట్ నమూనాను అనుసరించి ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు బొంబాయి కుర్లాలో 1964 నుంచి తయారుచేసిన "ఫియట్ 1100 డిలైట్" కాలక్రమాన "పద్మిని" అయింది. 1,089 ఘన సెంటీమీటర్ల ఇంజను, స్టీరింగు కాడ ప్రక్కనే చేతికందే గేరు, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు – ఇదే దాని సంపద. 2001 నాటికి ఉత్పత్తి ఆగిపోయింది. ముంబయి వీధులలో దశాబ్దాలపాటు నలుపు, పసుపు రంగులతో తిరిగిన పద్మిని టాక్సీలలో చివరిది 2023 అక్టోబరులో సెలవు తీసుకొన్నది. ఇప్పుడు విడిభాగాలు కావలసి వస్తే, ఫ్లయింగ్ రాణీ ఎక్కి ముంబయి వెళ్లి, కుర్లా పాత సామాన్ల దుకాణాలలో ఒక పూట గడపవలసిందే.

ఇటువంటి బండి పుట్టినప్పటి రూపంలోనే ఉండడం అరుదు. మా పద్మినికి పాత యజమాని డైనమోను తీసివేసి ఆల్టర్నేటర్ పెట్టించారు. ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు. కూడలిలో ఆగితే దీపాలు మసకబారుతాయి. కనుక ఆ మార్పు సబబైనదే. డిక్కీలో సిఎన్‌జి సిలిండరు కూడా ఆయన పెట్టించినదే. హజీరా తీరాన గ్యాసు దిగే ఊరిలో అది అత్యంత సహజం. ఆపైన మేము రేడియల్ టైర్లు వేయించాము. 2009లో, హజీరా దారిలో రాత్రివేళ లారీల రద్దీకి జడిసి, పాత దీపాల స్థానంలో పెద్ద హేలోజెన్ బల్బులు పెట్టించాము. ప్రతి మార్పుకూ ఒక మంచి కారణం ఉన్నది. మంచి కారణాలన్నీ కలిసి ఒక చెడు ఫలితాన్ని ఇవ్వగలవని మాత్రం మాకు అప్పుడు తోచలేదు.

2018 డిసెంబరులో మా తల్లిగారు విజయవాడ నుంచి నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చారు. ఆనాడు బండి ఆలస్యమై, స్టేషను నుంచి బయలుదేరేసరికి చీకటి పడింది. ఆమెను వెనుక సీటులో కూర్చుండబెట్టుకొని, దీపాలు పూర్తి కాంతిలో ఉంచి కాలనీకి వస్తున్నాము. ఇచ్ఛాపూర్ దాటిన తరువాత ఆమె, "ఒరే అబ్బాయీ, లక్క కాలుతున్న వాసన వస్తున్నదిరా" అన్నారు. "ఫ్యాక్టరీల వాసనమ్మా, ఇక్కడ మామూలే" అని బదులిచ్చాము. కొంత దూరం పోయిన తరువాత ఆమె మళ్లీ, "ఫ్యాక్టరీ వాసన గాలితో వచ్చి పోతుంది. ఇది మనతోనే వస్తున్నది" అన్నారు. ముప్పై ఏళ్లుగా కర్మాగారంలో వాసన పట్టి లీకు చెప్పే మాకు ఆ తర్కం ఆమె చెప్పవలసి వచ్చింది. అంతలో డాష్‌బోర్డు క్రింద నుంచి సన్నని పొగ.

బండి ఆపి, తాళం త్రిప్పి, డిక్కీ తెరచి, చీకటిలో తడుముకొంటూ సిలిండరు వాల్వు మూసివేశాము. పిమ్మట స్పానరు వెదకి బ్యాటరీ తీగ ఊడదీశాము. ఆ తరువాతగాని తల్లిగారిని దించలేదు. మోకాళ్ల నొప్పులతో ఆమె దిగడానికి మరికొంత సేపు పట్టింది. వరుస తప్పు. మొదట మనిషిని దించవలసింది. మంట లేవలేదు కనుక ఈ మాటలు వ్రాయగలుగుతున్నాము.

మరునాడు బండిని త్రాడు కట్టి ఉధ్నాలోని మెకానిక్కు వద్దకు చేర్చాము. అతని తండ్రి తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి సూరత్ వచ్చినవాడు. ఇతడు లింబాయత్‌లోనే పుట్టి పెరిగినా ఇంటి భాషను మరువలేదు. డాష్‌బోర్డు విప్పి, బొగ్గయిన తీగను చేతిలో పెట్టి, "బండిది తప్పు లేదు సార్. వైరు పాతది, పని కొత్తది" అన్నాడు. తరువాత ఫ్యూజు పెట్టె మూత తీసి చూపించాడు. దీపాల ఫ్యూజుకు సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం చుట్టి ఉన్నది. హేలోజెన్లు పెట్టిన కొత్తలో ఫ్యూజు రెండుసార్లు పోయినట్లు మాకు గుర్తు. ఆ పిదప పోలేదు. ఎందుకు పోలేదో మేము అడగలేదు.

లెక్క చూడండి. పాత బల్బులు రెండూ కలిసి 90 వాట్లు. 12 వోల్టుల మీద ఏడున్నర ఆంపియర్లు. మేము పెట్టించినవి రెండూ కలిసి 200 వాట్లు. దాదాపు పదిహేడు ఆంపియర్లు. తీగలో పుట్టే వేడిమి విద్యుత్ప్రవాహపు వర్గాన్ని అనుసరిస్తుంది గనుక, ప్రవాహం రెండింతల పైచిలుకు అయితే వేడిమి దాదాపు అయిదింతలు. డైనమో ఉన్న రోజులలోనైతే వోల్టేజి పడిపోయి దీపాలే మసకబారి హెచ్చరించేవి. బలమైన ఆల్టర్నేటర్ ఆ హెచ్చరికను తీసివేసింది. వెండికాగితం చివరి కాపలాదారుని కూడా తప్పించింది. బల్బులు మార్చినవారు దారి చూపే రిలేను పెట్టి, బ్యాటరీ నుంచి నేరుగా లావుపాటి తీగ వేసి ఉంటే ఈ ముప్పు ఉండేది కాదు. ఆ ఖర్చు స్వల్పం. అడగనిది మేము.

మన కర్మాగారాలలో ఇటువంటి కథకు ఒక పెద్ద ఉదాహరణ ఉన్నది. ఇంగ్లండులోని ఫ్లిక్స్‌బరో రసాయన కర్మాగారంలో వరుసగా ఉన్న ఆరు రియాక్టర్లలో అయిదవది పగుళ్లివ్వగా, దానిని తొలగించి నాలుగవదానికి, ఆరవదానికి మధ్య తాత్కాలికంగా ఒక గొట్టం అమర్చారు. దానికి సరియైన డ్రాయింగు లేదు; వర్క్‌షాపు నేల మీద సుద్దతో గీసిన బొమ్మయే ఆధారం. 1974 జూన్ 1న ఆ గొట్టం తెగి, వెలువడిన సైక్లోహెక్సేన్ ఆవిరి ప్రేలి, 28 మంది మరణించారు. పనిచేసినవారు సోమరులు కారు. ఉత్పత్తి ఆగరాదని తహతహలాడినవారే. మార్పును లెక్కకట్టి చూచినవారు మాత్రం లేరు. ఈనాడు ప్లాంటులో ఒక వాల్వు రకం మార్చాలన్నా మనం కాగితం మీద సంతకాలు సేకరిస్తున్నామంటే, దాని వెనుక ఇటువంటి పాఠాలున్నవి. పగలంతా ఆ సంతకాలు చేసే మేము, సాయంకాలం మా బండి ఫ్యూజు పెట్టె మూత తొమ్మిదేళ్లు తీయలేదు.

ఆ రాత్రి తరువాత ఒక నోటు పుస్తకం కొని నాలుగు గడులు గీశాము. ఏది మార్చాము, ఎందుకు మార్చాము, ఆ మార్పు భారం మరి దేని మీద పడుతుంది, తిరిగి పూర్వస్థితికి తేవాలంటే ఏమి చేయాలి. మొదటి రెండు గడులూ నింపడం సులభం. ఉత్సాహవంతులందరూ వాటిని నోటితోనే నింపుతారు. మూడవ గడి నింపేటప్పుడే బండి మనకు నిజంగా తెలుస్తుంది. రేడియల్ టైరు రోడ్డును గట్టిగా పట్టుకొంటుంది. ఆ పట్టు భారం స్టీరింగు కీళ్లమీద పడుతుంది. సిఎన్‌జి ఇంజనులో మసి తగ్గిస్తుంది. కాని పెట్రోలు కన్న మెల్లగా మండుతుంది గనుక ఇగ్నిషను సమయాన్ని సరిచూడాలి. గ్యాసుమీద నడిచినన్నాళ్లూ టాంకిలో పెట్రోలు నిలువ ఉంటుంది. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ పాలు 20 శాతం వరకు ఉంటున్నది. అది తేమను పీల్చుకొంటుంది. పాతకాలపు రబ్బరు గొట్టాలకు గిట్టదు. మా బండిలో ఆ గొట్టాలన్నీ మార్పించి, పెట్రోలు కొద్దికొద్దిగానే పోయించుకొంటున్నాము.

ఈ మూడవ గడియే మరొక దాగిన సంగతిని బయటపెట్టింది. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుంచి విడిచిన నీటితో తాపీ పొంగి సూరత్‌ను ముంచెత్తినప్పుడు, మేము అడాజన్‌లో అద్దె ఇంట ఉండేవారము. పద్మిని సీట్ల పైదాకా మునిగింది. నీరు తీసిన తరువాత స్టార్టరు ముట్టకుండా, నూనెలన్నీ దించి, ప్లగ్గులు ఊడదీసి, సిలిండర్లలో నీరు వెళ్లగొట్టి, నాలుగు వారాలలో మళ్లీ నడిపించాము. ఎలక్ట్రానిక్ మెదడున్న ఇరుగుపొరుగు కొత్త కార్లు కొన్ని తుక్కుకు పోగా మాది నడిచినందుకు చాలాకాలం గర్వించాము. ఇంజను నడిచింది గనుక బండి బాగున్నదనుకొన్నాము.

సిఎన్‌జి సిలిండరును మూడేళ్లకొకసారి నీటి పీడనంతో పరీక్షించాలి. అందులో గ్యాసు పీడనం 200 బార్లు; కారు టైరులోని గాలికి దాదాపు నూరింతలు. 2024లో పరీక్షకై సిలిండరును దించినప్పుడు, ఇదివరకటివలె దానిని మాత్రమే చూడక, అది కూర్చున్న చోటును కూడా సుత్తితో తట్టి చూడమన్నాము. బిగింపు పట్టీల క్రింద డిక్కీ రేకు పొరలు పొరలుగా ఊడివచ్చింది. వరదనాటి తేమ పద్దెనిమిదేళ్లు అక్కడే దాగి తన పని తాను చేసింది. సిలిండరు పరీక్షలో నెగ్గింది. దాదాపు అరవై కిలోల దాని బరువు మోసే నేల ఓడింది.

రేకు అతికించి మళ్లీ బిగించవచ్చునని కొందరన్నారు. మేము ఒప్పుకొనలేదు. బ్రతుకంతా గ్యాసుతోనే గడిపిన వారము, మా బండి నుంచి గ్యాసును తీసివేయించాము. రిజిస్ట్రేషను పత్రంలో కూడా ఆ మార్పు వ్రాయించాము. ఇంధనపు ఖర్చు పెరిగింది. మా శ్రీమతి ఆ లెక్క అడిగినప్పుడు నోటు పుస్తకంలోని మూడవ గడి చూపించాము. ఆమె చదివి, "మొదటే ఇది వ్రాసుకొని ఉంటే అత్తయ్యగారు ఆ రాత్రి రోడ్డు ప్రక్కన నిలబడేవారు కారు కదా" అన్నారు. ఆ గడిలో దానికి సమాధానం లేదు.

ఇక చట్టం మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన రూపానికి భిన్నంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానిని మరింత స్పష్టం చేసింది. గ్యాసు అమరిక వంటివి నిబంధనలకు లోబడి, పత్రంలో నమోదు చేయించుకొని చేయవలసినవే. పదిహేనేళ్లు దాటిన కారుకు అయిదేళ్లకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ దాకా 600 రూపాయలున్న ఆ రుసుము 5,000 అయింది. 2025 ఆగస్టులో ఇరవయ్యేళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. మా బండికి మళ్లీ గడువు 2029లో. ఆ ఏటనే దానికి యాభై నిండుతాయి. 2021 నాటి నిబంధనల ప్రకారం యాభయ్యేళ్లు దాటి, చాసీ, పైకట్టు, ఇంజను మార్పు లేక మూలరూపంలో నిలిచిన కారు వింటేజి వాహనంగా నమోదు కాగలదు. అయితే దానిని నిత్యం వాడుకొనరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు పరిమితం.

అప్పటికి మేము ఉద్యోగ విరమణ చేసి, ఈ క్వార్టరూ, ఈ వేపచెట్టూ వదలి వెళ్లి ఉంటాము. బండిని గాజు బొమ్మవలె నిలపడమా, కూరగాయల సంచితో నడపడమా అన్నది ఇంకా తేల్చుకొనలేదు. అయితే నాలుగవ గడి పుణ్యమా అని దారులు రెండూ తెరిచే ఉన్నవి. తీసిన పాత డైనమో గ్రీజు పూసి, గుడ్డ చుట్టి, మా ఇంటి ఇనుప పెట్టెలో భద్రంగా ఉన్నది. హేలోజెన్లు తీసివేశాము, మామూలు బల్బులకే రిలే వేయించాము. ఫ్యూజు పెట్టె మూత ప్రతి నెలా మొదటి ఆదివారం తీసి చూస్తున్నాము.

మీ ఇంట స్కూటరో, మోపెడో, తండ్రిగారి నాటి కారో ఉంటే, ఈ ఆదివారం ఒక గంట దాని కోసం కేటాయించండి. ఎవరు ఏమి మార్చారో పెద్దవారిని అడిగి వ్రాసుకోండి. ఫ్యూజు పోతూ ఉంటే విసుగుకొనకండి. పోవడం మానినప్పుడు ఎందుకు మానిందో అడగండి. ఇంట్లో ఎవరైనా ఏదో వాసన వస్తున్నదంటే, ముందు బండి ఆపి, మనుషులను దించి, తరువాత వాదించండి.

వచ్చే సంచికలో వంటింటి మిక్సీని గూర్చి ముచ్చటించుకొందాము.