ఇసుర్రాయి తిప్పిన చేతులెక్కడ?

పాతరోజుల బతుకు ఎట్లా ఉండేదో చూపిస్తామని పెట్టిన మ్యూజియాలు, ఆ బతుకును ఎవరి రెక్కలు మోశాయో చెప్పకుండా దాటేస్తున్నాయి. ఇంటి చాకిరీని పనిగా లెక్కపెట్టని సమాజం, ఆ చాకిరీ పనిముట్లను కూడా యజమాని లేని వస్తువుల్లాగే చూస్తుంది. మనం భూమి గురించి, కూలి గురించి, హింస గురించి మాట్లాడుతున్నాం. చరిత్రలో మన వాటా గురించి కూడా అంత గట్టిగానే అడగాలని నా వాదన.

ఈ మధ్య మా సంఘం స్త్రీలతో కలిసి మా ప్రాంతంలోని ఒక చిన్న మ్యూజియం చూశాను. ముందు గదుల్లో విగ్రహాలు, శాసనాలు, నాణేలు, కత్తులు. ప్రతిదాని పక్కనా ఏ రాజు కాలం నాటిదో, ఏ ఊళ్లో దొరికిందో రాసిన అట్ట. చివరి గది పేరు ‘గ్రామీణ జీవితం’. అందులో ఇసుర్రాయి, రోలు, రోకలి, కవ్వం, చాట, జల్లెడ, ఊదుగొట్టం. అన్నింటికీ కలిపి ‘పాతకాలపు వంటింటి సామాను’ అని ఒకే ఒక్క అట్ట. గోడమీది బొమ్మలో ఒంటినిండా నగలతో, నవ్వుకుంటూ రోకలి పట్టుకున్న స్త్రీ.

మాతో వచ్చిన ఒక పెద్దమ్మ ఆ బొమ్మను చూసి, “తొలికోడి కూయంగనే లేసి ఇసిరేది. కడుపుతోని ఉన్నా ఇసిరిన. నవ్వుడెక్కడిది బిడ్డా?” అన్నది. పక్కనున్న పిల్ల, “కత్తి పక్కన పేరున్నది గదక్కా, ఇసుర్రాయి పక్కన ఎవ్వల పేరు లేదేంది?” అని అడిగింది. ఆ గదిలో చరిత్ర చెప్పింది వీళ్లిద్దరే.

ఇసుర్రాయి అంటే ఏమిటి? కింది రాయి కదలదు. పై రాయి బరువంతా ఒక్క కట్టె పిడి పట్టుకుని తిప్పాలి. ఒక చేత్తో పిడికెడు పిడికెడుగా జొన్నలు పోస్తూ, ఇంకో చేత్తో ఆపకుండా విసరాలి. పిండి ఎక్కువ రోజులు నిలవదు కనుక ఈ పని మళ్లీ మళ్లీ చేయాల్సిందే. ఇంటిల్లిపాదికీ రొట్టెలు కావాలంటే తెల్లవారకముందే ఎంతసేపు విసరాలో లెక్కగట్టి ఆ అట్టమీద రాయడానికి ఖర్చేమవుతుంది?

ఆ చేతులన్నీ ఒక్క కులానివీ కావు, అన్నీ తమ ఇంటి కోసమే తిరిగినవీ కావు. నిజాం పాలనలోని తెలంగాణలో దొరల గడీల్లో వడ్లు దంచడం, పిండి విసరడం అట్టడుగు కులాల స్త్రీల మీద పడ్డ వెట్టి. దొర కూతురు అత్తవారింటికి పోతే వెంట ఆడబాపలుగా పంపిన పిల్లలున్నారు. ‘మన సంప్రదాయ వంటిల్లు’ అని ముద్దుగా చెప్పే మాట కింద ఈ కథంతా పూడ్చిపెట్టారు. ‘మన’ అంటే ఎవరు? రోలు ఎవరిది, రోకలి పోటు వేసింది ఎవరు?

కొందరికి వడ్లు దంచడమే కూలి. రైసుమిల్లులు వచ్చాక ఆ కూలి పోయింది. మిల్లులను అదుపు చేయడానికి 1958లో కేంద్రం చట్టం చేసినప్పుడు, కొత్త మిల్లుకు పర్మిట్ ఇచ్చేముందు దంపుడు పనివాళ్ల ఉపాధి ఏమవుతుందో చూడాలన్న షరతు పెట్టింది. 1997లో ఆ చట్టమే రద్దయింది. యంత్రం వచ్చి నడుంనొప్పి తగ్గించింది, సంతోషమే. కానీ ఆ రోకలి ఒకరి జీతం కూడానని, అది పోయినప్పుడు ఎవరూ నష్టపరిహారం ఇవ్వలేదని మ్యూజియం చెప్పదు.

చరిత్రలో స్త్రీల ఆధారాలే లేవంటారు. నాగార్జునకొండ శాసనాల్లో ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి సోదరి చాంతిసిరి పేరు చెక్కి ఉంది, మహాచైత్యానికి దానాలిచ్చింది కనుక. దానం ఇవ్వగలిగిన స్త్రీ పేరు రాతిమీదికి ఎక్కింది. రెక్కలు తప్ప ఇవ్వడానికేమీ లేని స్త్రీలకు రాయి దొరికింది, విసరడానికి.

“మ్యూజియంలోకి రాజకీయాలెందుకు?” అని అడిగేవాళ్లున్నారు. కత్తికి పేరు రాసి, ఇసుర్రాయికి రాయకపోవడం రాజకీయం కాదా? పైగా ఇది గడిచిపోయిన సంగతి కూడా కాదు. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు దానికోసం రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, ఇంటిపని చేసే పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇసుర్రాయి అద్దాల పెట్టెలోకి పోయింది గానీ చాకిరీ పోలేదు. నిన్నటి చాకిరీకి పేరు లేకపోతే, నేటి చాకిరీకి విలువ అడిగినప్పుడు “ఇది ఎప్పుడూ ఉన్నదే” అన్న జవాబు తేలిగ్గా వస్తుంది.

దీన్ని మార్చడం మనకు చేతకానిది కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను వాళ్ల నోటితోనే చెప్పించి, స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం సాధించింది. ఆ ఉద్యమాల కరపత్రాలు, ఫోటోలు మన సంఘాల ట్రంకుపెట్టెల్లో చెదలు పడుతున్నాయి. అవి ఏ రాజు కత్తికీ తీసిపోవు.

అందుకే ప్రతి సంఘం తన జిల్లా మ్యూజియానికి వెళ్లాలి. ప్రతి పనిముట్టు పక్కనా దాన్ని ఎవరు వాడారో, ఏ కులం వాళ్లు ఎవరి ఇంట్లో వాడారో, ఎంతసేపు, ఏ కూలికి వాడారో రాయమని లిఖితపూర్వకంగా అడగాలి. ఆ వివరాలు ఎవరు రాస్తున్నారో, ఆ కమిటీల్లో స్త్రీలెందరో 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి. ఇసుర్రాయి తిప్పిన తల్లులు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ల మాటలను వాళ్ల యాసలోనే రికార్డు చేసి, ఆ గదుల్లో వినిపించాలని పట్టుబట్టాలి. ఆ తల్లుల వయసు చూస్తే, ఈ పనికి మనకున్న గడువు ఎంత తక్కువో తెలుస్తుంది.