ట్యాబ్లెట్ల ప్రాభవము తగ్గుట

నూతన వస్తువు అంగడికి వచ్చినప్పుడు జనులు దానిని వేడుకతో కొందురు. వేడుక తీరిన పిమ్మటనే దాని నిజమైన యుపయోగము తేటపడును. ట్యాబ్లెట్ కంప్యూటరు చరిత్రమే యిందులకు నిదర్శనము.

2010 జనవరి 27వ తేదీన శాన్ ఫ్రాన్సిస్కో నగరమున స్టీవ్ జాబ్స్ ఐప్యాడును లోకమునకు జూపి, ఫోనునకును ల్యాప్‌టాపునకును నడుమ దానికి చోటు గలదని వాదించెను. ఆపిల్ సంస్థ 2013వ వ్యాపార సంవత్సరమున సుమారు 7 కోట్ల 10 లక్షల ఐప్యాడులను విక్రయించెను. 2016 నాటికి ఆ సంఖ్య సుమారు 4 కోట్ల 56 లక్షలకు దిగెను. 2020లో కరోనా వ్యాధిచే బడులు మూతపడగా ట్యాబ్లెట్లకు గిరాకీ మరల హెచ్చెను గాని, 2023లో మిగుల తగ్గెను. 2024లో కొంత కోలుకొనినను 2014 నాటి శిఖరము నందుకొనలేదు.

ఇందులకు కారణములు గూఢములు కావు. 2011లో 5.3 అంగుళముల తెరతో గెలాక్సీ నోట్ వచ్చెను. 2014లో ఆపిల్ సంస్థయు 5.5 అంగుళముల ఫోనును దెచ్చెను. మఱియొక ప్రక్క ల్యాప్‌టాపులు పలుచనయ్యెను. ఇట్లు జాబ్స్ చూపిన నడిమి చోటు ఇరుకయ్యెను. అంతియేకాక, ట్యాబ్లెట్టు చదువుటకును చూచుటకును ననువైనదే గాని, విస్తారముగా వ్రాయవలెనన్న కీబోర్డును వేఱుగా గొనవలసి వచ్చును. ఒకమారు కొన్నవారు దానినే యేండ్ల తరబడి వాడుకొనిరి.

ఈ తగ్గుదల ఆ వస్తువునకు నింద కాదనియు, కొనువారి వివేకమునకు గుఱుతనియు నా యభిప్రాయము. స్వంత ధనము వెచ్చించువాడు “దీనివలన నాకేమి పని జరుగును?” అని తప్పక యడుగును. విద్యార్థులకై వేలకొలదిగా గొనునప్పుడు ఆ ప్రశ్న మఱువబడుట కలదు. 2011లో కేంద్ర ప్రభుత్వము చౌకయైన ఆకాశ్ ట్యాబ్లెట్టును వెలువరించెను. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి వారికి ట్యాబులు పంచ నారంభించెను. బీదవారి బిడ్డలకును నూతన సాధనము లందవలెనను నుద్దేశము మెచ్చదగినదే. కాని సాధనము చేతికి వచ్చినంత మాత్రమున విద్య రాదు.

పలకపై బాలుడు వ్రాయును, గురువు దిద్దును, బాలుడు చెఱిపి మరల వ్రాయును. ట్యాబ్లెట్టుపై పాఠము చూచుట సులభము; వ్రాయుటయు, దిద్దించుకొనుటయు నంత సులభములు కావు. కావున ఏ పాఠశాలకైనను వీనిని గొనుటకు ముందు పెద్దలు మూడు సంగతులు విచారింపవలెను: విద్యార్థి దీనిపై ప్రతిదినము ఏమి వ్రాయును? దానిని ఎవరు దిద్దుదురు? చెడినప్పుడు ఎవరు బాగుచేయుదురు? వీనికి సరియైన సమాధానము దొరకనిచో, ఆ ద్రవ్యమును గ్రంథాలయమునకును ప్రయోగశాలకును వినియోగించుట మేలు.