పట్టా తరువాతి పాఠము

ఈ కళాశాల నుండి పట్టా పుచ్చుకొన్ననాడు ఇక చదువు తీరిపోయినదని మేమందరమూ సంతోషించినాము. ఆ సంతోషము ఎక్కువ కాలము నిలువలేదు.

మా పెద్దలలో వ్యాపారము చేసినవారికి ఈ సంగతి ముందే తెలుసును. రూపాయికి 16 అణాలు, 64 పైసలు అని కంఠస్థము చేసినవారు 1957 ఏప్రిల్ 1 నుండి నూరు నయా పైసల లెక్కను మరల నేర్చుకొన్నారు. అంతకుముందు హాలీ సిక్కాను, బ్రిటిష్ రూపాయిని ఒకే గల్లాపెట్టెలో సరిచూచుకొన్నవారును వారే. వారికెవరును బడి పెట్టలేదు. బేరములో నష్టపోయి నేర్చినారు.

ఉర్దూ పత్రికల పుటలను చేతితో వ్రాసిన కాతిబుల కథ వేరు. నస్తాలీఖు లిపిలో అక్షరము ప్రక్క అక్షరమును బట్టి రూపు మార్చుకొనును. మాట కుడి నుండి ఎడమకు ఏటవాలుగా దిగును. సీసపు అచ్చులకు అది సులభముగా లొంగలేదు. 1981లో పాకిస్తానులో మీర్జా అహ్మద్ జమీల్ వ్రాసిన దాదాపు 20,000 అక్షర సంయోగములతో నూరీ నస్తాలీఖు వెలసినది. 1994లో ఢిల్లీ నుండి ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేరు వచ్చినది. ఛత్తాబజారులో రెల్లు కలము పట్టిన చేతులు మీటల ముందుకు రావలసి వచ్చినది.

చుక్క ఎక్కడ నిలువవలెనో, ఎంత ఎడము విడువవలెనో ఎరిగిన కన్ను వారిది. యంత్రమునకు కొరవడినదియు అదే. కాని నలుబది ఏండ్లు దాటినవానిని చేర్చుకొను తరగతి ఏది? లోపము వారి బుద్ధిది కాదు, తలుపులు మూసినవారిదని మా అభిప్రాయము. 1982లో హైదరాబాదున నెలకొన్న సార్వత్రిక విశ్వవిద్యాలయము ఇంటర్మీడియట్ లేనివారిని సైతము అర్హత పరీక్షతో డిగ్రీలో చేర్చుకొన్నది. ఆ ధైర్యము మన కమిటీకి ఏల ఉండరాదు?

మేము కోరునది స్వల్పము. గ్రంథాలయమును, కంప్యూటరు గదిని సాయంత్రము రెండు గంటలు పూర్వ విద్యార్థులకును, పేటలోని వృత్తివారికిని తెరువవలెను. అక్కడనే ఒకరికొకరు అలిఫ్ బే, ఓనమాలు దిద్దించుకొనవచ్చును. మూడేండ్లు ఒకే బెంచీపై కూర్చుండియు ప్రక్కవాని పేరును వాని లిపిలో చదువలేకపోతిమి. ఆ సిగ్గు మాకింకను ఉన్నది.

పుస్తకములు పోవునని కమిటీవారు అందురు. మా కాలమునను పోయినవి. కొన్ని మా ఇండ్లలోనే ఉన్నవి, తెచ్చి ఇత్తుము. కావలివాని జీతమే అడ్డమైనచో, మాలో ఇద్దరము వంతులవారీగా తాళపుచెవి తీసుకొని కూర్చుండెదము.